ముఖం రాజభవనం, ఒళ్లు గోదాము: వాట్స్ వేర్‌హౌస్ చెప్పే సంగతి

మాంచెస్టర్‌లోని పోర్ట్‌ల్యాండ్ వీధిలో వాట్స్ వేర్‌హౌస్ ఎదుట నిలబడితే, అది బట్టల గోదామంటే నమ్మబుద్ధి కాదు. పొడవు సుమారు 300 అడుగులు, ఎత్తు 100 అడుగులు. అంతస్తు మారితే శైలి మారుతుంది: ఇటాలియన్, ఎలిజబెతన్, ఫ్రెంచ్, ఫ్లెమిష్. పైకప్పు మీద నాలుగు బురుజులు, వాటికి బండి చక్రాల్లాంటి గాథిక్ కిటికీలు. ఎస్ అండ్ జె వాట్స్ అనే టోకు వస్త్ర సంస్థ కోసం ట్రావిస్, మాంగ్నాల్ అనే ఆర్కిటెక్టులు 1851-56 మధ్య దీన్ని కట్టారు. ఖర్చు లక్ష పౌండ్ల దాకా అయింది.

దీన్ని డబ్బున్నవాడి ఆర్భాటమని కొట్టిపారేసేవారున్నారు. ఆ మాట సరికాదు. మాంచెస్టర్ గోదాముల్లో రెండు జాతులున్నాయి. వాట్స్ వారిది స్వదేశీ వ్యాపారం. బ్రిటన్ నలుమూలల దుకాణదారులు స్వయంగా వచ్చి, మహాగని బల్లల మీద పరిచిన సరుకు చూసి కొనేవారు. అంటే భవనమే ప్రకటన, భవనమే పరపతి. 1839లో మోస్లీ వీధిలో బట్టల వ్యాపారి రిచర్డ్ కాబ్డెన్ కోసం ఆర్కిటెక్టు ఎడ్వర్డ్ వాల్టర్స్ కట్టిన గోదాముతోనే ఇటలీ వర్తకుల భవంతి రూపం ఈ ఊళ్లో గోదాములకు అలవాటైంది.

రెండో జాతి ఎగుమతి గోదాములు. మద్రాసు, కలకత్తా, బొంబాయి రేవులకు వచ్చిన సీమ గుడ్డ ఈ గోదాముల్లోనే బేళ్లుగా మారింది. ఓడ కిరాయి సరుకు పట్టే చోటును బట్టి ఉండేది కాబట్టి, నీటి ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ ప్రెస్సుతో తానులను వీలైనంత అణచి, తడి తగలకుండా చుట్టి, ఇనుప పట్టీలు బిగించేవారు. మన దేశానికి వచ్చే తానుల మీద దేవుళ్ల బొమ్మల రంగు టికెట్లు అంటించేవారు.

లోపలి అమరికకు రెండింటిలోనూ సూత్రం ఒకటే: బరువు కిందికి, వెలుతురు పైకి. సగం నేలలో దిగిన అడుగు అంతస్తులో ప్రెస్సులు, బాయిలర్లు. నాలుగు మెట్లెక్కితే ఆఫీసులు, ఆ పైన నమూనాల గదులు. పై అంతస్తుల్లో బట్ట నిల్వ, తనిఖీ. కోరా బట్టలో నేత లోపం, రంగు తేడా దీపం వెలుగులో పట్టుబడవు. పగటి వెలుతురే కావాలి. అందుకే చాలా గోదాములకు ముందువైపు చెక్కిన రాయి ఉంటే, వెనుక సందులోకి పెద్ద పెద్ద కిటికీలు, వెలుతురును తిప్పికొట్టే తెల్ల మెరుగు ఇటుకలు ఉంటాయి. నా దృష్టిలో అసలు వాస్తు నైపుణ్యం ఆ వెనుక గోడలోనే ఉంది.

ఇక నిప్పు. ఈ గోదాముల్లోని పోత ఇనుప స్తంభం అణచే బరువును మోస్తుంది గానీ, మంటల్లో కాగి ఉన్నప్పుడు చన్నీళ్లు పడితే పగులుతుంది. ఒక్క స్తంభం పోతే పై అంతస్తులన్నీ వరసగా కూలతాయి. 1940 డిసెంబరు బాంబు దాడుల్లో ఈ చుట్టుపక్కల గోదాములెన్నో కాలిపోయాయి. వాట్స్ భవనం నిలిచింది. ఇప్పుడది హోటల్, రక్షిత కట్టడాల్లో గ్రేడ్ టూ స్టార్, అంటే పైనుంచి రెండో తరగతి, హోదా దానిది.

ఇలాంటి గోదామును హోటలుగానో ఫ్లాట్లుగానో మార్చేటప్పుడు నేల బలం సమస్యే కాదు. బేళ్లు మోసిన నేలకు మంచాలొక లెక్కా? చిక్కంతా వీధి ముఖం నుంచి వెనుక గోడ దాకా ఉన్న లోతుతో. విశాలమైన హాలును గదులుగా కోస్తే నడిమధ్య గదులకు కిటికీ ఉండదు. పైపులు దాచడానికి దించిన ఫాల్స్ సీలింగ్ ఎత్తైన కిటికీని అడ్డంగా నరుకుతుంది. బయట మసి వదిలించడానికి ఇసుక కొడితే రాతి పై పొర ఊడిపోతుంది. రాళ్ల సందుల్లో సున్నానికి బదులు సిమెంటు కూరితే, గోడలోని తేమ సందుల నుంచి బయటపడలేక రాయిలోంచే దారి చేసుకుంటుంది. కొన్ని చలికాలాలకు రాయి పొరలుగా రాలుతుంది, సిమెంటు గీతలు మాత్రం ఎత్తుగా నిలిచిపోతాయి. అనుమతులిచ్చే అధికారులు వీధి ముఖాన్ని కొలిచినంత శ్రద్ధగా ఆ వెనుక గోడను, నడిమి మెట్లదారిని, స్తంభాల వరసను కూడా నమోదు చేయాలి. గదుల అడ్డుగోడలు లేపాక కాదు, ప్లాను చేతికి రాగానే.