విక్టర్ పాపమట!

ఇప్పుడే ఒక పెద్దమనిషి ఫోన్ పెట్టేశాడు. 'ఫ్రాంకెన్‌స్టీన్' నవల చదవడం పూర్తి చేశాడట. "పాపం విక్టర్, ఆ రాక్షసుడి వల్ల ఎంత నలిగిపోయాడో" అని తెగ బాధపడిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎవరండీ పాపం? ఆ రాక్షసుణ్ని పుట్టించిందే ఈ విక్టర్ అనే శాస్త్రవేత్త. దాదాపు రెండేళ్లు కష్టపడి, అందమైన అవయవాలు ఏరికోరి, ఎనిమిది అడుగుల మనిషిని తయారుచేశాడు. వాడు కళ్లు తెరవగానే అయ్యగారికి అసహ్యం పుట్టుకొచ్చింది. వెళ్లి పడుకున్నాడు. అవును, పడుకున్నాడు! పుట్టినవాడు మంచం తెర తీసి, ఏదో గొణుగుతూ చెయ్యి చాపితే, ఈయన మెట్లు దిగి ఒకటే పరుగు. పేరైనా పెట్టలేదు. కుక్కపిల్లకైనా పెడతాం కదా.

ఆ రాక్షసుడు హత్యలు చేశాడు కదా అంటారు. చేశాడు. నేనేం వెనకేసుకు రావట్లేదు. (సరే, కొంచెం వస్తున్నాను.) అంతకుముందు ఏం చేశాడో ఎవరికీ గుర్తుండదు. గోడ సందులోంచి ఒక కుటుంబాన్ని చూస్తూ మాటలు నేర్చుకున్నాడు. వాళ్లే అర్ధాకలితో ఉన్నారని తెలిశాక వాళ్ల తిండి దొంగిలించడం మానేసి దుంపలు తిన్నాడు. రాత్రిళ్లు వాళ్లకు కట్టెలు కొట్టిపెట్టాడు. చివరికి ధైర్యం చేసి ఆ ఇంటి గుడ్డి ముసలాయన కాళ్లు పట్టుకుంటే, కొడుకు ఫెలిక్స్ వచ్చి కర్రతో చావబాదాడు. తలచుకుంటే వాణ్ని చీల్చి పారేయగలడు. చెయ్యెత్తలేదు. తర్వాత నీళ్లలో మునిగిపోతున్న పిల్లని కాపాడితే, బహుమానంగా తుపాకీ గుండు!

ఇక జస్టిన్, విక్టర్ ఇంట్లో పనిచేసే అమ్మాయి. విక్టర్ తమ్ముడు విలియమ్‌ని చంపిందని ఆ అమాయకురాలిని ఉరితీశారు. చంపింది తను చేసినవాడేనని విక్టర్‌కి తెలుసు. నోరు విప్పాడా? చెబితే పిచ్చోడనుకుంటారట. పైగా ఆ పిల్ల బాధ తన బాధంత కాదట, ఆవిడకి నిర్దోషిననే ధైర్యం ఉందట! ఈ మహానుభావుడికా మీ జాలి?

అసలు జనాన్ని అని ఏం లాభం, ఈ నవల మీద తీసిన ఆ 1931 సినిమాని అనాలి. నవల రాసిన మేరీ షెల్లీ 1818లో, ఇరవై ఏళ్ల వయసులో, ఆ రాక్షసుడి గోడు మొత్తం వాడి నోటితోనే అధ్యాయాలకు అధ్యాయాలు చెప్పించింది. ఇంగ్లిష్ మహాకవి మిల్టన్‌ని చదివినవాడండీ వాడు! సినిమావాళ్లు ఆ నోరు మూసేసి, నేరస్తుడి మెదడు తగిలించి, మెడకి బోల్టులు బిగించారు. తప్పంతా మెదడు మీదకి పోయింది, వాణ్ని తయారుచేసినవాడు కడిగిన ముత్యం. చివర్లో వాడు గాలిమరలో కాలిపోతుంటాడు. ఈయన ఇంట్లో హాయిగా కోలుకుంటుంటే, తండ్రి వంశానికి వారసుడు పుట్టాలని గ్లాసెత్తుతాడు. వారసుడట! ఒకణ్ని తగలబెట్టి వచ్చాక.