ఆరు నామినేషన్లు, ఒక్క ఆస్కారూ లేదు: థెల్మా రిట్టర్‌ను ఓడించింది అదృష్టం కాదు

ఉత్తమ సహాయ నటి విభాగంలో ఆరుసార్లు ఆస్కార్ నామినేషన్ అందుకున్న నటి ఇప్పటికీ ఒక్కరే, థెల్మా రిట్టర్. 1950 నుంచి 1953 వరకు వరసగా నాలుగేళ్లు, తర్వాత 1959, 1962 సినిమాలకు. ఒక్కసారీ గెలవలేదు. ఆమె ప్రస్తావన వచ్చినప్పుడల్లా 'పాపం, అదృష్టం లేదు' అనేసి ఊరుకోవడం అలవాటైపోయింది. ఆ మాటతో ఆమె పనితనం కనపడదు, హాలీవుడ్ క్యారెక్టర్ ఆర్టిస్టులను ఎలా వాడుకుందో కూడా కనపడదు. ఆమె పాత్రలు కథలో ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయాయో, అవి ఎలాంటి సినిమాల్లో వచ్చాయో వరస పెట్టి చూస్తే ఓటములకు కారణాలు దొరుకుతాయి.

1902లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్స్‌లో నటన నేర్చుకుంది, నాటకాలాడింది, పెళ్లయి పిల్లలు పుట్టాక ఇంటిపట్టున ఉండిపోయింది, ఆ తర్వాత రేడియోలో పనిచేసింది. 1947లో 'మిరకిల్ ఆన్ థర్టీఫోర్త్ స్ట్రీట్'తో తెరమీదికి వచ్చేసరికి 45 ఏళ్లు. కొడుక్కి బొమ్మ ఫైరింజను కోసం ఊరంతా తిరిగి కాళ్లు నొప్పులు పుట్టిన తల్లి పాత్ర. తమ దుకాణంలో లేదని సాంటా క్లాజ్ ఆమెను వేరే దుకాణానికి పంపిస్తాడు, ఆమె నోరెళ్లబెడుతుంది. టైటిల్స్‌లో పేరు కూడా వేయలేదు. కానీ ఆ కొద్ది నిమిషాలు ట్వెంటియెత్ సెంచరీ ఫాక్స్ అధినేత డారిల్ జానక్ కంట్లో పడ్డాయి, అక్కడినుంచి ఫాక్స్‌లో వేషాలు వచ్చాయి. పనిమనిషి, నర్సు, అత్తగారు: తిరిగి తిరిగి ఇవే.

ఆమె పద్ధతిని దగ్గరగా చూడాలంటే హిచ్‌కాక్ 'రియర్ విండో' (1954) చాలు. కాలు విరిగి చక్రాల కుర్చీకి అతుక్కుపోయిన జేమ్స్ స్టూవర్ట్‌కు సేవ చేయడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన నర్సు స్టెల్లా పాత్ర ఆమెది. ఒకప్పుడు జనరల్ మోటార్స్ డైరెక్టర్‌కు నర్సుగా ఉన్నానని, ఆయన రోజుకు పదిసార్లు బాత్‌రూముకు పరిగెత్తడం చూసే 1929 స్టాక్ మార్కెట్ పతనాన్ని ముందే పసిగట్టానని చెబుతుంది. ఇంకో ఉదయం స్టూవర్ట్ టిఫిన్ తింటుంటే, ఎదురింటివాడు పెళ్లాన్ని ఎక్కడ పెట్టి ముక్కలు చేసి ఉంటాడా అని ఆలోచిస్తుంది. బాత్ టబ్బే అయి ఉంటుంది, నెత్తురు కడిగేయడానికి వీలు అంటుంది. అతనికి ముద్ద మింగుడుపడదు.

ఇక్కడ ఆమె చేతులను గమనించాలి. పని ఆగదు. చూపు పనిమీదే ఉంటుంది, మాట పక్కనుంచి వస్తుంది, నవ్వు కోసం ఎదురుచూడకుండా ఆమె తర్వాతి పనిలోకి వెళ్లిపోతుంది. ఇలాంటి వేషాల్లో చాలామంది తప్పేది సరిగ్గా ఇక్కడే: డైలాగు రాగానే చేతులాపి, ఎదుటివాడి మొహంలోకి చూసి, ఒక క్షణం నిలబడతారు. అప్పుడది రచయిత రాసిన జోకులా వినిపిస్తుంది. రిట్టర్ నోట అది రోజంతా నాలుగిళ్లు తిరిగి పనిచేసే మనిషి ఆలోచనలా వినిపిస్తుంది. చిక్కేమిటంటే, ఇంత అతుకు కనపడని పనిని చూసేవాళ్లు నటన అని లెక్కపెట్టరు. ఈ సినిమాకు ఆమెకు నామినేషన్ కూడా రాలేదు.

'ఆల్ అబౌట్ ఈవ్' (1950) సంగతి వేరు. అందులో రిట్టర్ వేసిన బర్డీ, పేరున్న రంగస్థల నటి మార్గోకు సహాయకురాలు. అభిమానినంటూ మార్గో దగ్గర చేరిన ఈవ్ బుద్ధిని అందరికంటే ముందు పసిగడుతుంది. మీ నడక, మాట, తిండి, నిద్ర అన్నీ చదువుకుంటోందని యజమానురాలు మార్గోకు చెబుతుంది. తర్వాత సినిమా సగానికల్లా బర్డీ మాయమైపోతుంది! కారణం తెలుస్తూనే ఉంది: నిజం తెలిసిన మనిషి ఇంట్లో ఉంటే ఈవ్ ఆట సాగదు, అందుకే స్క్రీన్‌ప్లే ఆమెను తప్పించింది. ఓటేసేవాళ్లకు గుర్తుండేది చివరి రీళ్లు. పైగా అదే సినిమాలోంచి సెలెస్ట్ హోమ్ కూడా అదే విభాగంలో పోటీలో ఉంది. జోసెఫీన్ హల్ గెలిచింది.

మరుసటి ఏడాది 'ద మేటింగ్ సీజన్'లో ఆమెది దాదాపు ప్రధాన పాత్రే. హాంబర్గర్ బండి పోగొట్టుకున్న తల్లి కొడుకింటికి వస్తుంది, కొత్త కోడలు ఆమెను వంటమనిషి అనుకుంటుంది, తల్లి కూడా అలాగే ఉండిపోతుంది. కథ మొత్తం మోసేది ఆమె, నామినేషన్ మాత్రం సహాయ నటిగా. ఆ ఏడాది 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్' నటనకు మూడు ఆస్కార్లు ఎత్తుకెళ్లింది, అందులో సహాయ నటి ఆస్కార్ కిమ్ హంటర్‌ది. స్టూడియోలు రిట్టర్‌ను తేలికపాటి కామెడీల్లో తిప్పుతుంటే, బహుమతులు పేరున్న నాటకాలకు, భారీ నవలలకు వెళ్తుండేవి.

నిజంగా అన్యాయం అనదగ్గది 1953. శామ్యూల్ ఫుల్లర్ తీసిన 'పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్' 80 నిమిషాల క్రైమ్ సినిమా. రిట్టర్ వేసిన మో అనే ముసలామె వీధుల్లో నెక్‌టైలు అమ్ముతుంది, పోలీసులకు జేబుదొంగల ఆచూకీ అమ్ముతుంది. స్టేషన్‌లో దొంగ చెయ్యి ఎలా కదిలిందో, పేపరు ఎలా అడ్డం పెట్టుకున్నాడో అడిగి, పనితనాన్ని బట్టి పేర్లు చెబుతుంది. ముందు బేరం, తర్వాత సమాచారం. ఆ డబ్బు దేనికంటే, అనాథ శవాల దిబ్బలో కాకుండా సొంత సమాధిలో పడుకోవడానికి. ఆమె పట్టించిన దొంగ కూడా ఆమెను తప్పు పట్టడు; ఆమె కూడా తినాలి కదా అంటాడు.

మో తన చివరి సీన్‌లో రోజంతా తిరిగొచ్చి మంచం మీద వాలుతుంది. గదిలో తుపాకీతో ఒకడు. గ్రామఫోన్ మోగుతుంటుంది. ఆమె బతిమాలదు, ఏడవదు. అలసిపోయానని చెబుతుంది, చంపితే నాకు మేలు చేసినవాడివే అంటుంది. గొంతు పెంచదు, స్టేషన్‌లో బేరమాడిన గొంతే, ఊపిరి మాత్రం తగ్గింది. కెమెరా గ్రామఫోన్ వైపు జరుగుతుంది, పేలుడు వినిపిస్తుంది. ఆ ఏడాది సహాయ నటి ఆస్కార్ డోనా రీడ్‌కు వెళ్లింది. ఆమె సినిమా 'ఫ్రమ్ హియర్ టు ఎటర్నిటీ' మొత్తం ఎనిమిది ఆస్కార్లు గెలిచింది. డోనా రీడ్ బాగా చేయలేదని కాదు. కానీ ఆ రెండు నటనలను పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు రీడ్‌కు ఓటేయడం నాకు ఊహకందదు.

తర్వాతి రెండు నామినేషన్లలో 'పిల్లో టాక్' తాగుబోతు పనిమనిషి పాత్ర ఆమెకు నల్లేరు మీద నడక. 'బర్డ్‌మన్ ఆఫ్ ఆల్కట్రాజ్' అలా కాదు. కొడుకును ఉరినుంచి తప్పించడానికి ఎంత దూరమైనా వెళ్లిన తల్లి, అతను పెళ్లి చేసుకోగానే ఎదురు తిరుగుతుంది. నవ్వించే మాట ఒక్కటి లేదు, ఆసరాకు చేతిపని లేదు. ఇలాంటి వేషాలు ఆమెకు పదేళ్ల ముందే దక్కాల్సింది.

రంగస్థలం మీద లెక్క వేరేగా తేలింది. యూజీన్ ఓనీల్ 'అన్నా క్రిస్టీ' ఆధారంగా వచ్చిన మ్యూజికల్ 'న్యూ గర్ల్ ఇన్ టౌన్'లో ఆమెది మార్తీ పాత్ర, కథానాయిక గ్వెన్ వెర్డన్. 1958 టోనీ అవార్డుల్లో ఇద్దరినీ ఒకే విభాగంలో, మ్యూజికల్‌లో ఉత్తమ నటి విభాగంలో నిలబెట్టారు. అవార్డు ఇద్దరికీ సమానంగా వచ్చింది.