నోరు తెరిచి అడిగేదాకా నీళ్లివ్వొద్దట!

ఈ వారంలో ఈ వాట్సాప్ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. మొదట మా పిన్ని పంపింది. తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. ఆ తర్వాత డిగ్రీలో నాతో చదివిన ఇద్దరు ఒకే రోజు పంపారు. "పిల్లాడికి మాటలు రావట్లేదా? ఆటిజం అని భయపెడుతున్నారా? స్పీచ్ థెరపీకి లక్షలు తగలేయకండి! ఈ ఏడు సూత్రాలు పాటించండి" అని మొదలవుతుంది. చివర్లో దండం పెట్టే చేతులు, వాటి కింద "కనీసం పదిమందికి పంపండి". అందరూ ఆటిజం ఉన్న మావాడి మీద ప్రేమతోనే పంపారని తెలుసు. అందుకే మూడుసార్లు ఊరుకున్నాను.

"మగపిల్లలకు మాటలు ఆలస్యం. ఐదేళ్ల దాకా ఆగండి. ఐన్‌స్టీన్‌కూ నాలుగేళ్ల దాకా మాటల్లేవు." మగపిల్లలు కొంచెం వెనక మాట్లాడతారు, నిజమే. ఆ కొంచెం నెలల్లో ఉంటుంది, ఏళ్లలో కాదు. రెండేళ్లు నిండేసరికి "అమ్మా దా", "పాలు కావాలి" అని రెండు మాటలు కలపాలి. కలపకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, కావలసినదాన్ని వేలుతో చూపించకపోయినా ఆగకుండా డాక్టరుకు చూపించాలి. ఇక ఐన్‌స్టీన్. తనకు మాటలు ఆలస్యమయ్యాయని, అమ్మానాన్నలు కంగారుపడి డాక్టర్ని అడిగారని ఆయనే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. వాళ్లకు ఈ మెసేజ్ అందినట్టు లేదు.

"వసకొమ్ము తేనెలో అరగదీసి నాకించండి." నాకూ పోశారు, అందుకే ఇంత మాట్లాడుతున్నానని మా నాన్న అంటారు. కానీ వసలో ఉండే బీటా ఆసరోన్ అనే రసాయనం మంచిది కాదని, తిండిపదార్థాల్లో వసను వాడొద్దని అమెరికాలో 1968లోనే నిషేధించారు. తర్వాతది.

"నాలుక కింద చర్మం కోయించండి." నాలుక అతుక్కుంటే పలుకు తేడాగా రావచ్చు. పిలిస్తే తిరక్కపోవడానికి నాలుకేం చేస్తుంది?

"ఇంట్లో రెండు భాషలుంటే పిల్లాడు తికమక పడతాడు, ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి." మాకూ ఒక సెంటర్‌లో ఈ సలహా ఇచ్చారు. మా అత్తయ్యగారికి ఇంగ్లిష్ రాదు. వాడితో రోజంతా ఉండేది ఆవిడే. తన వల్ల మనవడు పాడవుతాడేమోనని భయపడి ఆవిడ వాడితో మాట్లాడడమే మానేశారు. ఆర్నెల్లు. మాట రాని వాళ్లు ఇంట్లో ఇద్దరయ్యారు. రెండు భాషల ఇళ్లలో పెరిగే ఆటిజం పిల్లలు దాని వల్ల వెనకబడరని అధ్యయనాలు మళ్లీ మళ్లీ చెబుతూనే ఉన్నాయి. ఇంట్లోవాళ్లకు ఏ భాష ధారాళంగా వస్తే అదే పిల్లాడి భాష.

"చిలక పలుకులు పలికితే గట్టిగా మందలించి ఆపించండి." అయ్యా, ఆ చిలక పలుకులే మాకు దారి చూపించాయి. మావాడు "నీళ్లు కావాలా?" అంటూ తిరిగేవాడు. మమ్మల్ని అడుగుతున్నాడనుకుని నవ్వుకునేవాళ్లం. వాడికి దాహమేస్తోంది! నీళ్లిచ్చేటప్పుడల్లా మేము అనే మాట అదే కదా, నీళ్లతో పాటు వచ్చే మాట అదేననుకున్నాడు. తప్పు వాడిది కాదు. ఆ తర్వాత మేమే "నీళ్లు కావాలి" అంటూ ఇవ్వడం మొదలుపెట్టాం. "లా" పోయి "లి" రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

అన్నిటికన్నా అన్యాయమైనది ఏడోది. "బొమ్మల కార్డులు, ట్యాబ్‌లు అలవాటు చేస్తే పిల్లలు సోమరులై ఎప్పటికీ మాట్లాడరు. నోరు తెరిచి అడిగేదాకా ఏదీ ఇవ్వకండి, మంచినీళ్లు కూడా."

మావాడికి మూడేళ్లప్పుడు, ఆ చిలక పలుకులు కూడా ఇంకా మొదలు కాని రోజుల్లో, బంధువుల్లో ఒక పెద్దాయన ఇదే చెప్పారు. నేను చేశాను కూడా. స్టీలు గ్లాసు చేత్తో పట్టుకుని "నీళ్లు అను, నీళ్లు అను" అంటూ నిలబడ్డాను. వాడు నా చెయ్యి పట్టుకుని గ్లాసు వైపు లాగాడు. అదే అడగడమని నాకప్పుడు తెలీదు. ఏడ్చాడు. తన చెయ్యి తనే కొరుక్కున్నాడు. అలా నాలుగు రోజులు. ఐదో రోజు ఏడుపు ఆగిపోతే దారికొచ్చాడనుకున్నాను. వెళ్లి చూస్తే బాత్రూమ్‌లో బకెట్‌లో మగ్గు ముంచుకుని తాగుతున్నాడు. మాట రాకపోగా, నన్ను అడగడం కూడా మానేశాడు.

ఈ సూత్రం రాసినాయన్ని మే నెలలో తనకు భాష రాని ఊళ్లో దింపి, ఆ ఊరి భాషలో తప్పుల్లేకుండా అడిగేదాకా చుక్క నీళ్లివ్వకుండా చూడాలని ఉంది. సోమరితనం పోయి సాయంత్రానికి ధారాళంగా మాట్లాడేస్తారేమో.

తర్వాత దొరికిన థెరపిస్టు మొదట మాటల జోలికే వెళ్లలేదు. మా ఇంటి స్టీలు గ్లాసుకే ఫొటో తీయించి, ప్రింటు వేయించి, వెనక వెల్క్రో అంటించింది. వాడు ఆ ఫొటో నా చేతిలో పెడితే చాలు, వెంటనే నీళ్లు. నేను "నీళ్లు" అంటూ ఇవ్వాలి, వాణ్ణి మాత్రం అనమని బలవంతపెట్టకూడదు. మొదట్లో మా ఆయన వెనక కూర్చుని వాడి చెయ్యి పట్టి ఇప్పించేవారు, మెల్లగా వదిలేశారు. దీన్ని పెక్స్ అంటారు, 1985లో అమెరికాలో మొదలైంది. మూడో వారంలో ఒక మధ్యాహ్నం, డాబా మీద బట్టలు ఆరేస్తున్న నన్ను వెతుక్కుంటూ మెట్లెక్కి వచ్చి ఫొటో చేతిలో పెట్టాడు.

బొమ్మలకు అలవాటుపడితే మాట రాదన్న భయం ఒకప్పుడు థెరపిస్టులకూ ఉండేది. అందుకే లెక్క తీశారు. 2006లో అచ్చయిన ఒక సమీక్షలో, ఎదుగుదల సమస్యలున్న 27 మందిని గట్టి ఆధారాలతో చూస్తే, సైగలూ బొమ్మలూ పరికరాలూ వాడాక మాట తగ్గినవాళ్లు ఒక్కరూ లేరు. 89 శాతం మందికి పెరిగింది. చాలామందికి పెరిగింది కొంచెమే, అదీ చెప్పాలి.

మావాడికిప్పుడు ఎనిమిదేళ్లు. నోటితో ముప్ఫై దాకా మాటలున్నాయి. మిగతాదంతా ట్యాబ్‌లో బొమ్మ నొక్కితే అది పలుకుతుంది. ఎక్కువగా నొక్కేది "చాలు". ఇడ్లీ చాలు. హోమ్‌వర్క్ చాలు. పోయిన నెల మా కజిన్ తలంబ్రాల మధ్యలో, పెళ్లి చాలు.

ఆరోది, ఫోన్ సంగతి మిగిలింది. "ఫోన్ వల్లే ఆటిజం వస్తుంది, లాగేసుకుంటే పోతుంది." ఫోన్ వల్ల రాదు, లాగేసుకుంటే పోదు. కానీ ఇక్కడ కొంత తగ్గుతాను. అన్నం తినేటప్పుడు ఫోన్ తీసేశాక మావాడు ముద్ద పెట్టే చేతిని, ఆ తర్వాత ముఖాన్ని చూడడం మొదలుపెట్టాడు. ఫోన్ చూస్తూ గడిచిన ఆ గంటలన్నీ మనుషులతో గడపాల్సినవే. అవి పోయింది నా వల్లే, వంట తొందరగా అవుతుందని వాడికి ఫోన్ ఇచ్చేదాన్ని.

డబ్బు దండగన్న మాటలో కూడా సగం నిజముంది. వారానికి రెండుసార్లు, నలభై ఐదు నిమిషాలు, తలుపేసుకుని లోపల పిల్లాడు, బయట కుర్చీలో ఫోన్ చూసుకుంటూ నేను. ఏడాది పాటు అలాగే కట్టాం. ఇంట్లో మిగిలిన గంటల్లో ఏం చేయాలో అమ్మానాన్నలకు నేర్పని థెరపీ చాలామటుకు దండగే. ఆర్‌సీఐ (ఇలాంటి థెరపిస్టులను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే ముఖం చిట్లించే చోట అయితే పూర్తిగా దండగ. కానీ లక్షలు నిజంగా తగలబడేది ఆటిజం తగ్గిస్తామంటూ ఇచ్చే స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్ల దగ్గర. అనుమతి ఉన్న ట్రయల్స్‌లో తప్ప వాటిని ఆటిజానికి వాడకూడదని కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మెసేజ్‌లో దాని ఊసే లేదు.

ఊసు లేనిది ఇంకోటి ఉంది. ఇన్ని చెప్పిన మహానుభావుడు చెవి పరీక్ష గురించి ఒక్క ముక్క రాయలేదు. మాట రాని పిల్లలకు ముందు చూడాల్సింది వినబడుతోందా లేదా అని. ఆ పరీక్షను బేరా అంటారు, పిల్లాడు నిద్రలో ఉండగా చేస్తారు. జిల్లాల్లో ప్రభుత్వం నడిపే డీఈఐసీ కేంద్రాలు పిల్లల ఎదుగుదల సమస్యలు చూడడానికే ఉన్నాయి, డబ్బు తీసుకోరు. పిన్నీ, మీ పక్కింటి పాపకు రెండున్నరేళ్లన్నావు కదా, పది మందికి పంపే బదులు ఆ పాపను సోమవారం అక్కడికి తీసుకెళ్లమను.