అత్తగార్ల ఎపిజెనెటిక్స్

ఆటిజానికి కారణం తేలిపోయింది. దశాబ్దాలుగా బుర్రలు బద్దలు కొట్టుకుంటున్న శాస్త్రవేత్తల వల్ల కాలేదు గానీ, బెజవాడ ఏలూరు రోడ్డులో ఓ కల్యాణమండపం ఏసీ హాల్లో ఆదివారం పూట గంటన్నరలో తేల్చేశారు. కారణం కోడలు.

పేపర్లో పెట్టి పంచిన రంగుల కరపత్రం చూసి వెళ్ళాను. ‘మీ కడుపులోనే మేధావి! ఎపిజెనెటిక్ విధానంలో ఆటిజం, ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత నిలవని ఇబ్బంది) లేని సంతానం. ప్రవేశం ఉచితం.’ మన ఊళ్ళో ఉచితం సంగతి తెలిసిందే కదా. టీ, సమోసా ఉచితం. బయట టేబుల్ మీద సిల్వర్, గోల్డ్, ప్లాటినం ప్యాకేజీలు. ప్లాటినంలో వీణ పాటల పెన్‌డ్రైవ్, ఆవు నెయ్యి, గర్భిణి ఉమ్ము తీసుకుని ఇచ్చే ‘బిడ్డ మెదడు మిథైలేషన్ రిపోర్టు’. ధర బోర్డు మీద ఉండదు. ఫోన్ నంబరిస్తే వాళ్ళే చెబుతారు, రోజుకు నాలుగుసార్లు.

మొదటి మూడు వరసలూ అత్తగార్లవే, చేతుల్లో నోటుబుక్కులు. వాళ్ళ వెనక నడుం నొప్పితో అటూ ఇటూ కదులుతూ కోడళ్ళు. మొగుళ్ళా? బండి స్టాండు వేసి ఎదురుగా బజ్జీల బండి దగ్గర తేలారు. వేదిక మీద కోటు వేసుకున్నాయన పేరు ముందు డాక్టరని ఉంది, ఎందులోనో లేదు. “తల్లి ఆలోచనే బిడ్డ జన్యువుల్ని ఆన్ చేస్తుంది, ఆఫ్ చేస్తుంది” అన్నాడు. అత్తగార్లంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి చూశారు.

ఇక ప్రశ్నలు. మైకు మూడో వరస దాటి వెనక్కి రాలేదు.

“మా కోడలు మూడో నెలలో తెగ ఏడ్చిందండీ. అందుకేనా మనవడికి ఇంకా మాట రాలేదు?” ఒత్తిడికి జన్యువులు మూతపడతాయమ్మా అన్నాడాయన. హాలంతా అయ్యయ్యో అంది. ఎవరు ఏడిపించారని మాత్రం ఎవరూ అడగలేదు.

“జ్వరమొస్తే పారాసిటమాల్ వేసుకుందండీ, వద్దంటే వినలేదు.” ఆయన కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపాడు, పోస్టుమార్టం రిపోర్టు చదివినట్టు. స్వీడన్‌లో దాదాపు 25 లక్షల మంది పిల్లల వివరాలు తీసి, తోబుట్టువుల్ని పక్కపక్కన పెట్టి చూసి సంబంధం లేదని 2024లోనే చెప్పారు. అది ఈ హాలుకు చేరలేదు.

ఓ మామగారు లేచారు. “ఆరో నెల నుంచే ఐఐటీ ఫౌండేషన్ వినిపిస్తే పట్టుకుంటాడా?” ఈ ప్రశ్నకు చప్పట్లు పడ్డాయి.

చివర్లో ఓ పిచ్చి మహాతల్లి అడిగింది: “మరి మావాడు రోజుకు రెండు పెట్టెలు కాలుస్తాడండీ...” కోటాయన వాచీ చూసుకున్నాడు. తండ్రి పాత్ర రెండో సెషన్‌లో అన్నాడు. రెండో సెషన్ లేదు. భోజనాలున్నాయి.

పాపం ఎపిజెనెటిక్స్ ఏం చేసింది? బ్రిటిష్ శాస్త్రవేత్త వాడింగ్టన్ 1942లో ఆ పేరు పెట్టాడు. డీఎన్ఏలో అక్షరం మారకుండానే ఏ పేజీ తెరవాలో, ఏది మూసి ఉంచాలో చెప్పే గుర్తులుంటాయి, మిథైల్ గుర్తులు అందులో ఒక రకం. 1944-45 చలికాలంలో నాజీలు హాలండ్‌కు తిండి ఆపేస్తే, అప్పుడు కడుపులో పడిన పిల్లల్లో ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీద ఆ గుర్తులు అరవై ఏళ్ళ తర్వాత కూడా తగ్గి కనిపించాయి. తిండి ఆపింది నాజీలు. బెజవాడలో చెబితే ఆ డచ్చి కోడలు సరిగ్గా తినలేదని తేలుస్తారు. పైగా ఈ గుర్తులు ఒళ్ళంతా ఒకేలా ఉండవు, రక్తంలో ఒకలా, మెదడులో ఒకలా ఉంటాయి. తల్లి ఉమ్ము చూసి కడుపులో బిడ్డ మెదడు రిపోర్టు రాసేవాడికి చిలక జోస్యం చెప్పేవాడే నయం, కార్డుకింతని ముందే చెబుతాడు.

అయిదు దేశాల్లో 20 లక్షల మందిని చూసి 2019లో చెప్పిందేమిటంటే, ఆటిజంలో దాదాపు 80 శాతం వంశపారంపర్యం, తల్లి వైపు నుంచి విడిగా వచ్చే ప్రభావం సున్నాకు దగ్గర. వంశమంటే సగం మగాడిదే కదా! తండ్రి వయసు ఏడాది పెరిగితే బిడ్డలో కొత్త జన్యుమార్పులు సుమారు రెండు పెరుగుతాయని ఐస్‌లాండ్ వాళ్ళు 2012లో లెక్కగట్టారు. కట్నం కుదరక ముప్పై ఎనిమిదిదాకా ఆగిన పెళ్ళికొడుక్కి ప్లాటినం ప్యాకేజీ ఎవరూ అమ్మరేం? ‘ఫ్రిజ్ తల్లులు’ అని ప్రేమలేని అమ్మల వల్లే ఆటిజమొస్తుందన్న సరుకు అమెరికాలో ఎప్పుడో కుళ్ళిపోయింది. ఆటిజం ఉన్న కొడుకు తండ్రి, సైకాలజిస్టు రిమ్లాండ్ 1964లోనే దాన్ని చీల్చి చెండాడాడు. ఆ సరుక్కే ఇక్కడ కొత్త లేబులు.

గుంటూరు కొత్తపేటలో ఓ థెరపీ సెంటర్ వరండాలో తెనాలి నుంచి మొదటి బస్సుకొచ్చిన తల్లిని చూశాను. నాలుగేళ్ళ పిల్లవాడు టిఫిన్ డబ్బా క్లిప్పు తీస్తున్నాడు, వేస్తున్నాడు. ఆమె ఫైల్లో డాక్టరు చీటీల వెనక ఓ రూళ్ళ కాగితం ఉంది. మూడో నెల బొప్పాయి ముక్క, అయిదో నెల గ్రహణంనాడు కత్తిపీట, ఏడో నెల సినిమా. “గుర్తున్నవన్నీ రాయమన్నారండి మా అత్తయ్య” అంది.

సిగ్గుందా మనకి? నేరం చేయని మనిషి చేత వాంగ్మూలం రాయించుకుంటామా? ప్రత్తిపాడు వైపు మిర్చి కోతల్లో, మందు కొట్టిన చేలోకి గ్లవ్స్ లేకుండా గర్భిణిని దింపుతారు. కాలిఫోర్నియాలో అలాంటి కూలి తల్లుల్ని పరీక్షించి, ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు బాగా సోకినవాళ్ళ పిల్లలకు ఏడేళ్ళకు ఐక్యూ 7 పాయింట్లు తక్కువుందని 2011లో రాశారు. ఆ మందు అమ్మినవాణ్ని, చేలోకి దింపినవాణ్ని ఏ సదస్సూ పిలవదు. ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్ వాడే అమ్మాయికి కడుపు రాకముందే మందు మార్చే సంగతి డాక్టరు మాట్లాడాలి. అది ఎపిజెనెటిక్ గుర్తుల్ని నిజంగానే కదిలించే మందు, ఆటిజం ముప్పు దానితో దాదాపు మూడు రెట్లని డెన్మార్క్ లెక్క. సొంతంగా ఆపితే ఫిట్స్ ముంచుతాయి కాబట్టి డాక్టరే చెప్పాలి. ఈ ఒక్క ముక్క చెప్పడానికి గంటన్నరలో రెండు నిమిషాలు దొరకలేదా ఆ కోటుకి? నెయ్యి డబ్బా మాత్రం దొరికింది!

వచ్చే నెల సదస్సు గుంటూరు బ్రాడీపేటలోనట. అత్తగార్లూ, తప్పక వెళ్ళండి. ఈసారి కొడుకుల్ని కూడా తీసుకెళ్ళండి, హాలు లోపలిదాకా.