నీళ్లే కదా, పడితే ఏమవుతుందట!

మళ్లీ అదే వీడియో. మోటారు బోటు లాగే తాడు పట్టుకుని, స్కీలు (పాదాలకు తొడుక్కునే పొడవాటి పలకలు) లేకుండా ఉత్త పాదాలతో నీటి మీద దూసుకుపోయే మనిషి. బేర్‌ఫుట్ వాటర్ స్కీయింగ్ అంటారు ఈ ఆటను. కింద అదే రాత: "పాదాలకు మైనం రాసుకుంటారు. ఇది పోటీ కాదు, సర్కస్. ఎత్తైన ర్యాంప్ ఉంటే ఎవరైనా ఎగురుతారు. పడినా నీళ్లే కదా, దెబ్బ తగలదు. తాడు, మోటారు బోటు ఉంటే మీరూ ఈ వారమే ప్రయత్నించండి." ఎన్నిసార్లు చెప్పినా పంపేవాళ్లు పంపుతూనే ఉన్నారు.

మైనం మనిషిని మోయదు, వేగం మోస్తుంది. స్కీ ముందు అరికాలు ఎంత? అందుకే బోటు గంటకు 55 నుంచి 70 కిలోమీటర్ల దాకా పోవాలి. మనిషి బరువు పెరిగితే వేగమూ పెరగాలి.

సర్కసా? 1978లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో మొదలైన ప్రపంచ పోటీలు ఏమిటి మరి? స్లాలమ్ అనే విభాగంలో 15 సెకన్లలో బోటు వెనక అలను అటూ ఇటూ ఎన్నిసార్లు దాటారో లెక్కేస్తారు. ఒంటికాలి మీద దాటితే పాయింటు, రెండు కాళ్ల మీదైతే అరపాయింటు. ట్రిక్స్ (విన్యాసాలు), జంప్ (ర్యాంప్ మీంచి ఎగరడం) విభాగాలకు వేరే లెక్కలున్నాయి.

ఇక ఆ "ఎత్తైన" ర్యాంప్ ఎత్తు సుమారు 45 సెంటీమీటర్లు. అంటే మోకాలి దాకా! దాని మీంచే బ్రిటన్ ఆటగాడు డేవిడ్ స్మాల్ 2010లో 29.9 మీటర్లు ఎగిరాడు. ర్యాంప్ దాటగానే తల బోటు వైపు, కాళ్లు వెనక్కి పెట్టి గాల్లో బోర్లా సాగిపోవాలి. నీటిని తాకేలోపు కాళ్లను మళ్లీ కిందికి లాక్కోవాలి. ఆ ఒడుపు రావడానికి ఎంత సాధన కావాలో చూసేవాళ్లకు తెలియకపోతే పోనీ, "ఎవరైనా" అనడం మాత్రం అన్యాయం.

అసలు కోపం వచ్చేది "నీళ్లే కదా" అన్న ముక్క చదివితేనే. ఆ వేగంలో నీరు మెత్తగా ఉండదు. కాలివేళ్లు కాస్త కిందికి వంగి నీటిలో దిగబడితే చాలు, పాదం అక్కడే ఆగిపోతుంది, ఒళ్లు మాత్రం ముందుకు పోతుంది. చెయ్యి అడ్డం పెట్టుకునే వ్యవధి కూడా ఉండదు, ముఖమే నేరుగా నీటికి కొట్టుకుంటుంది. చెవి నీటికి చాచికొట్టినట్టు తగిలితే కర్ణభేరి చిరగొచ్చు. కాళ్లు విడిపోయి పడితే గజ్జల్లో కండరాలు పోతాయి. ఆటగాళ్లు వేసుకునే దళసరి మెత్తల సూట్ అందం కోసం అనుకున్నారా? ఇది చదివి ఓ కుర్రాడు మామూలు నిక్కరుతో తాడు పట్టుకుంటే, దెబ్బ తగిలేది ఫార్వర్డ్ చేసినవాళ్లకు కాదు.

అయితే "మీరూ ప్రయత్నించండి" అన్నదాన్ని మాత్రం నేను పూర్తిగా కొట్టిపారేయను. నేర్చుకోవడం అందరూ భయపడేంత కష్టం కాదు. బోటు పక్కకు చాచిన బూమ్ అనే గొట్టం పట్టుకుని, పక్కనే కోచ్ చెబుతుంటే, మొదటి రోజే నిలబడేవాళ్లున్నారు. ఆ బూమ్, ఆ సూట్, ఆ కోచ్ గురించి మెసేజ్‌లో ఒక్క ముక్కైనా లేదు. వీడియో పంపాలనిపిస్తే పంపండి, కింది రాత తీసేసి పంపండి.