ఫైలు పేరు పూర్తిగా కనిపించాలి

మా అమ్మకి ఫోన్‌లోనే కంప్యూటర్ సాయం చేస్తుంటాను. ఒకసారి ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉన్నాయి, ఏది తెరవాలని అడిగింది. "పేరు చివర చుక్క తర్వాత ఏముందో చదువమ్మా" అన్నాను. "చుక్కే లేదురా" అంది. నిజంగానే లేదు. ఒకటి వర్డ్ ఫైలు, రెండోది దాని పీడీఎఫ్. ఆ తేడా చెప్పే అక్షరాలను కంప్యూటరే దాచేసింది.

ఆ అక్షరాలే ఎక్స్‌టెన్షన్. విండోస్‌లో ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే ఏ ప్రోగ్రాం తెరుచుకోవాలో తేలేది వాటిని బట్టే. అయినా విండోస్ 95 నుంచి ఇప్పటి విండోస్ 11 దాకా, మనం మార్చుకుంటే తప్ప అవి కనపడవు. పేర్లు చూడ్డానికి శుభ్రంగా ఉంటాయేమో గానీ, ఇది తప్పు పద్ధతని నేను గట్టిగా నమ్ముతాను. ముఖ్యంగా పెద్దవాళ్లు వాడే కంప్యూటర్లలో దీన్ని వెంటనే మార్చాలి.

ఐకాన్ చూస్తే తెలిసిపోతుంది కదా అంటారు. తెలియదు. ఈఎక్స్ఈ ఫైలు, అంటే క్లిక్ చేయగానే నడిచే ప్రోగ్రాం, తన ఐకాన్‌ను తనలోనే పెట్టుకుని వస్తుంది. తయారుచేసినవాడు అందులో పీడీఎఫ్ బొమ్మ పెడితే మనకు కనిపించేది ఆ బొమ్మే. పైగా దానికి "బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ" అని పేరు పెట్టాడనుకోండి. చివరి ముక్క దాగిపోయి, తెర మీద "బిల్లు.పీడీఎఫ్" మిగులుతుంది. ఎక్స్‌టెన్షన్లు దాచిన కంప్యూటర్‌లో అసలైన పీడీఎఫ్‌కి ".పీడీఎఫ్" అన్న ఆ తోక కనిపించదు. కనిపించిందంటేనే అనుమానించాలి. కానీ అమ్మలాంటివాళ్లు సరిగ్గా దాన్ని చూసే ధైర్యంగా తెరుస్తారు.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2000 మే నెలలో ప్రపంచమంతా పాకిన "ఐ లవ్ యూ" వైరస్ ఈమెయిల్‌లో ప్రేమలేఖ పేరుతో వచ్చింది. పేరు చివర "టీఎక్స్‌టీ.వీబీఎస్" అని ఉండేది. వీబీఎస్ అంటే స్క్రిప్టు, క్లిక్ చేయగానే ప్రోగ్రాంలా నడిచేది. అది దాగిపోవడంతో జనానికి మామూలు టెక్స్ట్ ఫైలులా కనిపించింది. తెరిచినవాళ్ల జేపీజీ ఫోటోల స్థానంలో అది తన నకళ్లను పెట్టి, ఫోటో పేరుకే వీబీఎస్ తగిలించింది. అదీ దాగిపోయేది. ఫోటో పోయినా, పేరు మాత్రం పాతదే కనపడేది. నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి ఇదే.

పేరు మార్చేటప్పుడు పెద్దవాళ్లు పొరపాటున ఎక్స్‌టెన్షన్ చెరిపేస్తారని కొందరి భయం. ఇప్పటి విండోస్‌లో పేరు మార్చబోతే చుక్క ముందు భాగమే సెలెక్ట్ అవుతుంది. ఎక్స్‌టెన్షన్ మారిస్తే హెచ్చరిక వస్తుంది. అప్పటికీ చెరిగిపోతే మళ్లీ టైప్ చేస్తే చాలు, లోపలి ఫైలుకు ఏమీ కాదు.

దీంతో అన్ని మోసాలూ ఆగవు. షార్ట్‌కట్ ఫైళ్ల ఎక్స్‌టెన్షన్ ఈ సెట్టింగ్ మార్చినా కనిపించదు. మాక్రోలు, అంటే లోపల దాగి నడిచే చిన్న ప్రోగ్రాంలు, ఉన్న వర్డ్ ఫైలు కూడా ప్రమాదమే. తెలియనివాళ్లు పంపింది తెరవకూడదన్న జాగ్రత్త ఎప్పుడూ ఉండాల్సిందే.

విండోస్ 11లో ఏదైనా ఫోల్డర్ తెరిచి, పైన వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ నొక్కండి. విండోస్ 10లో వ్యూ ట్యాబ్‌లోనే ఆ టిక్ బాక్స్ ఉంటుంది. మ్యాక్‌లో అయితే ఫైండర్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద చూడండి. అర నిమిషం పని, ఫోన్‌లో చెప్పి చేయించొచ్చు. విండోస్‌లో ఈ మార్పు లాగిన్ అయిన ఒక్కరికే వర్తిస్తుంది. ఒకే కంప్యూటర్‌ను అమ్మా నాన్నా వేర్వేరు లాగిన్‌లతో వాడుతుంటే, ఇద్దరి చేతా చేయించండి.