కిలోలోపు గంజాయికి కేసు ఉండదా?

“పిల్లవాడి దగ్గర కిలోలోపు గంజాయి దొరికితే కంగారు పడనక్కర్లేదు. అది సొంత వాడకం కింద వస్తుంది, కేసు ఉండదు. మహా అయితే పదివేలు జరిమానా. మొదటిసారి కాబట్టి మందలించి వదిలేస్తారు. 21 ఏళ్ళు నిండకపోతే రికార్డు కూడా ఉండదు.” ఫోన్లలో తిరుగుతున్న ఈ సందేశం రాసినవారెవరో గానీ చట్టాన్ని సగమే చదివారు. ఆ సగం కూడా పాతది.

ముందు కిలో సంగతి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద గంజాయికి కేంద్రం 2001లో రెండు గీతలు గీసింది. కిలోలోపు ఉంటే చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. ఇవి శిక్ష ఎంతో తేల్చే గీతలు, ఎంత ఉంచుకోవచ్చో చెప్పేవి కావు. చిన్న పరిమాణానికి ఏడాది దాకా కఠిన కారాగారం, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వాణిజ్య పరిమాణమైతే కనీసం పదేళ్ళు. మధ్యలో ఉన్నదానికి పదేళ్ళ వరకు పడవచ్చు. పది గ్రాముల పొట్లానికైనా 20వ సెక్షన్ కింద ఎఫ్ఐఆర్ రాయవచ్చు. పైగా ఈ కిలో లెక్క గంజాయికే. అదే మొక్క నుంచి తీసే చరస్‌కు చిన్న పరిమాణం హద్దు 100 గ్రాములు.

“సొంత వాడకం” అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించవచ్చు. 2001 సవరణకు ముందు 27వ సెక్షన్‌లో సొంతానికి కొద్దిపాటి సరుకు ఉంచుకోవడం గురించి విడిగా ఉండేది. అప్పుడైనా అది నేరమే, శిక్ష మాత్రం తక్కువ. సవరణ తర్వాత ఆ సెక్షన్ కేవలం సేవించడానికే మిగిలింది. గంజాయి తాగినందుకు ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా అందులోనే ఉన్నాయి. జేబులో దొరికింది ఎవరి కోసమైనా 20వ సెక్షన్ పరిధిలోకే వస్తుంది.

ఏడేళ్ళలోపు శిక్ష పడే నేరాల్లో పోలీసులు చాలాసార్లు అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి పంపుతారు. కుర్రవాడు సాయంత్రానికి ఇంటికి వచ్చేసరికి గండం గడిచిందనుకుంటారు. ఛార్జిషీటు ఆ తర్వాత వస్తుంది. బెయిలు హక్కుగా దొరుకుతుందనీ అనుకోవద్దు. ఈ చట్టం కింద అన్నీ నాన్‌బెయిలబుల్ నేరాలేనని 2020లో బాంబే హైకోర్టు తీర్పు చెప్పింది. చిన్న పరిమాణం విషయంలో వేరుగా చెప్పిన కోర్టులూ ఉన్నాయి.

అసలు ప్రమాదం “మహా అయితే జరిమానా”లో ఉంది. కోర్టు చుట్టూ తిరగలేక, నేరం ఒప్పేసుకుని డబ్బు కట్టి వచ్చేద్దామనుకునే కుటుంబాలను ఈ సందేశం నేరుగా అటే తోస్తుంది. కట్టింది వెయ్యి రూపాయలైనా అది నేర నిర్ధారణే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చినప్పుడు నింపే అటెస్టేషన్ ఫారం ఒకసారి చూడండి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, ప్రాసిక్యూషన్ ఎదుర్కొన్నారా, జరిమానా పడిందా, శిక్ష పడిందా అని ఒక్కొక్కటీ విడివిడిగా అడుగుతుంది. అవునంటే పరిశీలిస్తారు. కాదని రాసి దొరికిపోతే, దాచినందుకే ఉద్యోగం పోవచ్చు. అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో ఈ విషయం వివరంగా చర్చించింది. కోర్టులో కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు కావాలన్నా, విదేశాలకు వెళ్ళాలన్నా ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. అమెరికా చదువు కలలు కనేవారికి మరో మాట: అక్కడి వలస చట్టం జరిమానాతో పోయిందా, జైలు దాకా వెళ్ళిందా అని చూడదు. మాదకద్రవ్యాల నేరంలో శిక్ష పడితే, ప్రత్యేక మినహాయింపు ఇస్తే తప్ప, వీసాకు అనర్హులే.

మొదటి తప్పుకు మందలింపు చాలా చట్టాల్లో సాధ్యమే, ఇక్కడ మాత్రం దారి మూసేశారు. 18 ఏళ్ళు దాటినవారికి, 26 (లైసెన్సుదారుల ఉల్లంఘనలు), 27 (సేవించడం) సెక్షన్ల నేరాల్లో తప్ప, ప్రొబేషన్ (శిక్ష వేయకుండా సత్ప్రవర్తన షరతుపై వదిలేయడం) ఇవ్వరాదని 33వ సెక్షన్ చెబుతోంది.

21 ఏళ్ళన్నది శుద్ధ కల్పన. నేరం జరిగిన నాటికి 18 నిండనివారే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్తారు. వారిని లాకప్‌లో పెట్టకూడదు, పేరు బయటపెట్టకూడదు, గడువు తీరాక రికార్డు కూడా సాధారణంగా నాశనం చేయాలి. డిగ్రీ మొదటి సంవత్సరం కుర్రవాడికి పద్దెనిమిది దాటి ఉంటే ఇవేవీ వర్తించవు.

ఇన్ని అబద్ధపు భరోసాలు ఇచ్చిన ఆ సందేశం, చట్టం నిజంగా తెరిచి ఉంచిన తలుపును మాత్రం చూపలేదు. అలవాటుకు బానిసైన వ్యక్తి సేవించిన కేసులో గానీ చిన్న పరిమాణం కేసులో గానీ ఇరుక్కుంటే, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న చికిత్సా కేంద్రంలో తనంతట తానుగా చేరడానికి ముందుకు వస్తే, 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ రద్దు కావచ్చు. సరదాకు ఒకసారి తాగినవారికి ఇది వర్తించదు. నేరం ఒప్పుకుంటూ సంతకం పెట్టకముందే న్యాయవాదితో మాట్లాడాల్సింది ఇందుకే. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. దానికి 15100కు ఫోన్ చేయవచ్చు.